ఆరుబయటి కుషన్ల గుడ్డ ఎండకు నిలుస్తుందా? ఇంట్లోనే పరీక్షించే పద్ధతి

ఆరుబయట వేసే కుర్చీలకు, సోఫాలకు, గొడుగులకు గుడ్డ ఎంచుకునేటప్పుడు చాలామంది చేత్తో తడిమి, రంగు చూసి తీసుకుంటారు. లేబుల్ మీద ‘యూవీ రెసిస్టెంట్’ (ఎండలోని అతినీలలోహిత కిరణాలను తట్టుకుంటుంది) అని ఉంటే ఇక ఏమీ అడగరు. ఆ మాటకు ఒక కొలత అంటూ లేదు. ఏ పద్ధతిలో పరీక్షించారు, ఎన్ని గంటలు, చివరికి ఎంత మార్పు వచ్చింది అన్న మూడూ తెలిస్తేనే దానికి విలువ. తెలియకపోతే, ఖర్చు పెట్టే ముందు రెండు మూడు నెలలు మీరే పరీక్షించుకోవచ్చు. పెద్ద సరంజామా అక్కర్లేదు. ఓపిక, ఒక చెక్క పలక, అల్యూమినియం ఫాయిల్, ఒక బకెట్ చాలు.

ముందు ఒక సంగతి తేల్చుకోవాలి. ఎండ గుడ్డను రెండు రకాలుగా పాడుచేస్తుంది. రంగు అణువులు విరిగితే గుడ్డ వెలిసిపోతుంది. పోగులోని పాలిమర్ గొలుసులు (పోగుకు బలాన్నిచ్చే పొడవాటి అణువులు) తెగితే గుడ్డ చివికిపోతుంది. ఈ రెండూ కలిసి నడవాలని లేదు. రంగు నిక్షేపంగా ఉన్న పాలీప్రొపిలీన్ గుడ్డ, అందులో ఎండను తట్టుకునే మందు సరిగా కలపకపోతే, గోటితో గీస్తే పొడిపొడిగా రాలవచ్చు. పైన ప్రింట్ వేసిన పాలియెస్టర్ పాలిపోయి కూడా గట్టిగానే ఉండవచ్చు. అందుకే రంగు ఒక్కటే చూసి మార్కులు వేసే పరీక్ష సగం పరీక్షే. దీనికి తోడు వేడి, తడి కూడా తమ పని తాము చేస్తాయి. ఎండలో ఆరుతూ, వానకు తడుస్తూ ఉండే గుడ్డ, ఎప్పుడూ పొడిగా ఉండే గుడ్డకంటే తరచు ముందే పాడవుతుంది.

మొదటి అడుగు: చేతిలో ఉన్నది ఏ గుడ్డ?

అంచు నుంచి ఒక పోగు లాగి, కత్తిరించి, పురి విప్పి మంచి వెలుతురులో చూడండి. లోపల తెల్లగా, పైన మాత్రమే రంగు ఉంటే అది ప్రింటో, పైపై అద్దకమో. గుడ్డ వెనకవైపు పాలిపోయినట్టు ఉంటే కూడా అంతే. ఇలాంటివి పరీక్షించకుండానే పక్కన పెట్టినా పెద్దగా నష్టపోరు.

లోపలి దాకా రంగు ఉంటే మంచిదే, కానీ అంతటితో నమ్మకండి. నేసిన తర్వాత బాగా అద్దిన గుడ్డలో కూడా రంగు లోపలికి దిగుతుంది. మీకు కావలసింది ‘సొల్యూషన్ డైడ్’ రకం. పోగు తయారు కాకముందే, ద్రవరూపంలో ఉన్న ముడిసరుకులోనే రంగు కలిపేస్తారు. ఆరుబయటి గుడ్డల్లో ఇలా చేసిన యాక్రిలిక్‌కు మంచి పేరు ఉంది. ఇదే పద్ధతిలో పాలియెస్టర్, పాలీప్రొపిలీన్ గుడ్డలు కూడా వస్తాయి. పాలీప్రొపిలీన్‌ను అమ్మేవాళ్లు ఒలెఫిన్ అని కూడా అంటారు.

ఒలెఫిన్‌ను గుర్తుపట్టడానికి సులువైన దారి ఉంది. గ్లాసు నీళ్లలో ఒక చుక్క డిష్‌వాష్ లిక్విడ్ వేసి, అందులో విప్పిన పోగును ముంచి, అంటుకున్న గాలి బుడగలు పోయేలా వేళ్లతో నలపండి. ఒలెఫిన్ తేలుతుంది, ఎందుకంటే దాని సాంద్రత నీటికంటే తక్కువ, 0.91 దాకా (నీటిది 1) ఉంటుంది. పాలియెస్టర్, యాక్రిలిక్ మునుగుతాయి. నిప్పంటించి చూసే పద్ధతి చాలాచోట్ల చెబుతారు కానీ, కరిగిన ప్లాస్టిక్ చేతికి అంటుకుంటే వదలదు. నీళ్ల గ్లాసుతో పోయేదానికి అగ్గిపుల్ల ఎందుకు?

రెండో అడుగు: లేబుల్ మీది అంకెలు

రంగు వెలుతురుకు ఎంతవరకు నిలుస్తుందో చెప్పే బ్లూ వూల్ స్కేల్ 1 నుంచి 8 వరకు ఉంటుంది. వేర్వేరు నీలి రంగులు అద్దిన ఉన్ని ముక్కలు ఇవి. 1 త్వరగా వెలుస్తుంది, 8 అన్నిటికంటే ఆలస్యంగా. ఒక్కో మెట్టు ఎక్కితే వెలవడానికి పట్టే వెలుతురు సుమారు రెట్టింపో, ఇంకాస్త ఎక్కువో అవుతుంది. అంటే 5కీ 7కీ తేడా చిన్నది కాదు.

గ్రే స్కేల్ వేరు. అది బూడిద రంగు ముక్కల జతలున్న కార్డు, 1 నుంచి 5 వరకు ఉంటుంది, ఎంత రంగు మారిందో చెబుతుంది. 5 అంటే మార్పే లేదు, 4 అంటే కొద్దిగా, 1 అంటే బాగా మారింది. ‘1500 గంటలు, గ్రేడ్ 4’ అని ఉంటే ఆ రెండు ముక్కలూ కలిపి చదవాలి. గంటలు మాత్రమే రాసి గ్రేడ్ రాయకపోతే, అన్ని గంటలు యంత్రంలో పెట్టారని తెలుస్తుందే తప్ప గుడ్డ ఏమైందో తెలియదు.

ఇంకో మెలిక ఉంది, అమ్మేవాళ్లలో కూడా చాలామందికి తెలియదు. ఐఎస్ఓ అనే అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ పెట్టిన 105-బి02 అనే పరీక్ష బాగా వాడుకలో ఉంది. అందులో జెనాన్ దీపం కాంతిని కిటికీ అద్దం లాంటి ఫిల్టర్ గుండా పంపుతారు, నీళ్లు చల్లరు. అది ఇంట్లో వాడే కర్టెన్లకు, సోఫాలకు సరిపోయే పరీక్ష. ఆరుబయటికి కావలసింది ఐఎస్ఓ 105-బి04, అమెరికా ప్రమాణమైన ఏఏటీసీసీ 169, లేదా అక్కడిదే అయిన ఏఎస్‌టీఎం జి155లో నేరుగా పడే ఎండను పోలిన ఫిల్టర్ వాడి, మధ్యమధ్య నీళ్లు చల్లే రకం. బి02లో 7 వచ్చిన గుడ్డ చెడ్డదని కాదు, దాన్ని ఆరుబయటి ప్రశ్న ఇంకా అడగలేదంతే.

యూపీఎఫ్ 50+ అన్న ముద్ర ఈ లెక్కలోకి రాదు. గుడ్డ కింద కూర్చున్న మనిషి చర్మానికి అతినీలలోహిత కిరణాలు ఎంత తక్కువగా తగులుతాయో అది చెబుతుంది. గుడ్డ ఎన్నాళ్లు ఉంటుందో చెప్పదు.

మూడో అడుగు: ముక్కలు కత్తిరించడం

ప్రతి గుడ్డ నుంచి ఇవి తీసుకోండి:

- సుమారు 10 × 20 సెం.మీ. ముక్కలు రెండు. ఒకటి ఎండకు, రెండోది చీకట్లో దాచడానికి.
- బలం చూడటానికి 30 సెం.మీ. పొడవు, 3 సెం.మీ. వెడల్పు పట్టీలు. పడుగు దిశలో (గుడ్డ పొడవునా సాగే పోగుల వెంట) ఆరు, పేక దిశలో (అడ్డంగా వచ్చే పోగుల వెంట) ఆరు. వీటిలో సగం ఎండకు, సగం చీకటికి.
- రెండు ముక్కలు కలిపి కుట్టిన నమూనా ఒకటి. నిజంగా కుషన్లకు వాడబోయే దారంతోనే కుట్టించండి. పైపింగ్, జిప్ వేస్తారనుకుంటే అవి కూడా ఇందులో ఉండాలి.

చారల గుడ్డ, పూల గుడ్డ అయితే ప్రతి రంగూ ఎండలోకి వచ్చేలా కత్తిరించాలి. ఒకే గుడ్డలో రంగులన్నీ ఒకేలా నిలవవు. రెండు మూడు రంగులు కలిపి చేసిన షేడ్లలో ఒకటి ముందుగా పోతే ఛాయే మారిపోతుంది. పసుపు పోయిన ఆకుపచ్చ నీలంగా కనిపిస్తుంది, బూడిద రంగుకు ఎరుపో నీలమో తిరుగుతుంది. కార్బన్ బ్లాక్‌తో చేసిన నలుపు, ఐరన్ ఆక్సైడ్ మట్టి రంగులు సాధారణంగా గట్టివి. బాగా మెరిసే ఎరుపు, గులాబీ, ఊదా రంగుల్ని మాత్రం ప్రత్యేకంగా కనిపెట్టి ఉండండి.

ముక్క వెనక చెరగని పెన్నుతో గుడ్డ పేరు, పడుగు దిశ చూపే బాణం, తేదీ రాయండి. చీకటి ముక్కల్ని కాగితం కవరులో పెట్టి పొడిగా ఉన్న అల్మరాలో దాచండి. ప్లాస్టిక్ కవరులో పెడితే చెమ్మ పట్టే ప్రమాదం ఉంది.

నాలుగో అడుగు: పలక, కోణం, పోలిక

పలకను నీడ పడని చోట పెట్టాలి. భూమధ్యరేఖకు ఉత్తరాన ఉన్నవాళ్లు దక్షిణ దిక్కుకు, దక్షిణాన ఉన్నవాళ్లు ఉత్తర దిక్కుకు తిప్పి 45 డిగ్రీల వాలులో ఉంచడం మామూలు పద్ధతి. మీది సీటు కుషన్ అయితే దాదాపు పడుకోబెట్టి, నీరు జారిపోయేంత వాలు మాత్రమే ఇస్తే అసలు వాడకానికి దగ్గరగా ఉంటుంది.

ముక్క వెనక ఏముందన్నది కూడా లెక్కలోకి వస్తుంది. చెక్కకు ఆనించి బిగించిన గుడ్డ, గాలి ఆడే ఫ్రేముకు కట్టినదానికంటే ఎక్కువ వేడెక్కుతుంది, ముదురు రంగులైతే మరీను. కుషన్ గుడ్డ వెనక ఎలాగూ ఫోమ్ ఉంటుంది కాబట్టి చెక్క పలక మీద పరీక్షించడమే న్యాయం. గొడుగు గుడ్డను మాత్రం ఫ్రేముకే కట్టండి.

కిటికీ లోపల మాత్రం పెట్టకండి. మామూలు అద్దం 315 నానోమీటర్ల లోపు ఉండే యూవీ-బి కిరణాల్ని చాలావరకు ఆపేస్తుంది. గుడ్డను చివికించడంలో వాటి వాటా తక్కువేం కాదు.

పలక మీద ముక్కల్ని అంచుల్లో స్టీలు పిన్నులతో బిగించండి. ప్రతి రంగు ముక్కలో మూడో వంతును అట్టముక్క, దాని మీద అల్యూమినియం ఫాయిల్ వేసి కప్పండి. గుడ్డకు టేపు అంటించవద్దు, దాని జిగురు మరక ఎండ మరకలా కనిపిస్తుంది. కప్పిన భాగానికి వెలుతురు తగలదు కానీ వేడి, చెమ్మ తగులుతాయి. కాబట్టి దాన్ని అల్మరాలోని ముక్కతో పోల్చితే వేడి, తడి చేసిన మార్పు తెలుస్తుంది. పక్కనే ఉన్న ఎండ భాగంతో పోల్చితే వెలుతురు చేసిన మార్పు తెలుస్తుంది. వాన పడ్డాక అట్ట ఎత్తి ఆరబెట్టండి, లేకపోతే అక్కడ బూజు పట్టి లెక్క తప్పుతుంది.

ఇప్పుడు ఈ పరీక్ష అంతటికీ ఆయువుపట్టు లాంటి సంగతి. గుడ్డ ఎన్ని రోజులు ఎండలో ఉందన్నది కొలత కాదు. మబ్బు పట్టిన నెల, మండే నెల ఒకటి కావు. చలికాలపు ఎండలో అతినీలలోహితం తగ్గుతుంది. మీ మూడు నెలల్ని ఇంకొకరి మూడు నెలలతో పోల్చలేరు, మీ పోయినేటి మూడు నెలలతో కూడా పోల్చలేరు. అందుకే అదే పలక మీద, అదే ఎండలో ఒక పోలిక ముక్క ఉండి తీరాలి. బ్లూ వూల్ కార్డు కొనగలిగితే అదే మేలు. నేరుగా పడే ఎండలో 1, 2 నంబర్లు కొద్ది రోజుల్లోనే మారతాయి, పై నంబర్లకు నెలలు పడుతుంది. కార్డును కూడా సగం కప్పి పెట్టండి. ‘నా గుడ్డలో మార్పు కనిపించే సమయానికి కార్డులో ఏ నంబరు దాకా వెలిసింది?’ అన్నదే మీ కొలత. కార్డు దొరక్కపోతే, ఇప్పటికే ఆరుబయట కొన్నేళ్లు వాడి, దాని తీరు మీకు తెలిసిన గుడ్డలో ఎండ తగలని మడత లోపలి ముక్కను పెట్టండి. బ్లూ వూల్ అంత కచ్చితం కాకపోయినా, ఏ పోలికా లేకపోవడం కంటే ఎంతో నయం.

తొందరగా తేల్చేద్దామని క్రిముల్ని చంపే యూవీ-సి దీపాల కింద పెట్టే ఆలోచన చాలామందికి వస్తుంది. వద్దు. ఆ దీపాల 254 నానోమీటర్ల కిరణాలు భూమికి చేరే ఎండలో ఉండవు. ఎండ తెంచని బంధాల్ని కూడా అవి తెంచుతాయి, కాబట్టి మంచి గుడ్డ చెడ్డదిగా తేలవచ్చు. మీ కళ్లకు, చర్మానికి ప్రమాదం అదనం. అద్దాలతో ఎండను కూడబెట్టడం కూడా ఇలాంటిదే, వెలుతురు కంటే వేడి ఎక్కువ పని చేస్తుంది.

ఐదో అడుగు: రోజువారీ పని

పెద్దగా ఏమీ లేదు. వాన లేని రోజుల్లో ఒకసారి మామూలు నీళ్లు స్ప్రే చేయండి. కుర్చీలు ఈత కొలను పక్కన ఉండేవైతే ఇంకో వరస ముక్కలకు ఆ కొలను నీళ్లే వాడండి. రెండు, నాలుగు, ఎనిమిది, పన్నెండు వారాలకు ఒకసారి చూడండి. చూసిన ప్రతిసారీ ఫాయిల్‌ను మరికొంచెం పక్కకు పొడిగించి, ఎండ తిన్న భాగంలో కొంత కప్పేయండి. చివరికి ఒకే ముక్క మీద రెండు వారాల మెట్టు, నాలుగు వారాల మెట్టు, అలా వరసగా మిగులుతాయి. వెలవడం మొదట్లోనే జరిగి ఆగిందా, ఆగకుండా సాగుతోందా అన్నది ఆ మెట్లే చూపిస్తాయి. మొదటి నెలలో కాస్త తగ్గి తర్వాత నిలబడిన రంగుతో సర్దుకుపోవచ్చు. ప్రతి మెట్టుకూ అంతే వేగంతో దిగుతున్నదానితో మాత్రం కష్టం.

ఆరో అడుగు: రంగు చూడటం

పన్నెండు వారాల తర్వాత, చూసే ముందు కడగాలి. దుమ్ము పట్టిన గుడ్డ వెలిసిన గుడ్డలాగే కనిపిస్తుంది. గోరువెచ్చని నీళ్లు, కొద్దిగా సబ్బుతో మెల్లగా కడిగి నీడలో ఆరబెట్టండి. చీకటి ముక్కను కూడా అలాగే కడగండి, లేకపోతే పోలిక చెల్లదు.

నేరుగా ఎండ పడని, పగటి వెలుతురు సమానంగా ఉన్న చోట, బూడిద రంగు అట్ట మీద రెండు ముక్కల్నీ అంచులు తగిలేలా పెట్టండి. నేత దిశ రెండింటిలోనూ ఒకేలా ఉండాలి, అడ్డంగా తిప్పితే అదే గుడ్డ వేరే ఛాయలో కనిపిస్తుంది. గ్రే స్కేల్ ఉంటే పక్కన పెట్టి గ్రేడ్ రాసుకోండి. లేకపోతే ఈ పరీక్ష సంగతి తెలియని ఇద్దరు ముగ్గుర్ని పిలిచి ‘ఇందులో తేడా ఏమైనా ఉందా?’ అని మాత్రం అడగండి. చూడగానే చెప్తే ఒక మాట, వెతికి వెతికి చెప్తే ఇంకో మాట. నచ్చిన రంగును మన కళ్లు కాస్త వెనకేసుకొస్తాయి, అందుకే పక్కవాళ్ల కళ్లు.

ఫొటోలు తీసుకోవడం మంచిదే, కానీ ఫోను తనంతట తాను రంగుల్ని సర్దేస్తుంది. రెండు ముక్కలూ ఒకే ఫొటోలో, పక్కన తెల్ల కాగితంతో ఉంటేనే అది పనికొస్తుంది. వేర్వేరు రోజుల్లో తీసిన ఫొటోల్ని పోల్చి రంగు మారిందని తేల్చకండి.

ఏడో అడుగు: బలం చూడటం

ప్రయోగశాలలో ఐఎస్ఓ 13934-1 ప్రకారం 5 సెం.మీ. వెడల్పు పట్టీని యంత్రంతో లాగి తెంచుతారు. ఆరుబయటి గుడ్డ అంత వెడల్పు ఉంటే ఇంట్లో తెంచడం మన వల్ల కాదు. అందుకే పట్టీ రెండు పక్కల నుంచీ పోగులు లాగేస్తూ వచ్చి, మధ్యలో లెక్కపెట్టిన పదిహేను పోగులు మాత్రమే ఉంచండి. కత్తెరతో వెడల్పు తగ్గిస్తే అంచు పోగులు సగం తెగి లెక్క మారుతుంది. నూలు మరీ లావుగా ఉంటే పోగుల సంఖ్య తగ్గించండి, కానీ ఒక గుడ్డకు సంబంధించిన అన్ని పట్టీల్లోనూ అదే సంఖ్య ఉండాలి.

పట్టీ పై చివరను నున్నటి గుండ్రటి కర్రకు రెండు మూడు చుట్లు చుట్టి క్లాంపుతో బిగించండి. కింది చివరను అలాంటి ఇంకో కర్రకు చుట్టి, దానికి బకెట్ వేలాడదీయండి. బకెట్ నేలకు నాలుగు వేళ్ల ఎత్తులోనే ఉండాలి, పాదాలు దూరంగా పెట్టుకోండి. మగ్గుతో నెమ్మదిగా, ప్రతిసారీ ఒకే వేగంతో నీళ్లు పోయండి. తెగగానే బకెట్, నీళ్లు కలిపి తూకం వేయండి. కర్ర దగ్గర తెగితే ఆ తూకం వదిలేయండి, మధ్యలో తెగినదే లెక్క.

ప్రతి రకానికి మూడేసి పట్టీల సగటు తీయండి. చీకటి పట్టీలు సగటున 14 కిలోల దగ్గర తెగి, ఎండ పట్టీలు 10.5 కిలోల దగ్గర తెగాయనుకోండి, 75 శాతం బలం మిగిలినట్టు. పడుగు, పేక ఫలితాల్ని కలపకండి. వాటిలో ఏది తక్కువో గుడ్డ భవితవ్యం దాని చేతిలో ఉంటుంది. పన్నెండు వారాలకే నాలుగో వంతు బలం పోయిన గుడ్డను, రంగు ఎంత బాగున్నా, నేనైతే కూర్చునే కుషన్‌కు వాడను.

బకెట్ తంటాలు పడలేనివాళ్లు ఇంకో పని చేయవచ్చు. ఎండ ముక్కను, చీకటి ముక్కను పక్కపక్కన పెట్టి అంచులో చిన్న గాటు పెట్టి చేత్తో చింపి చూడండి. ఎండ ముక్క సులువుగా చిరిగితే చేతికే తెలుస్తుంది. పోగును గోటితో గట్టిగా రుద్దండి, ముదురు రంగు నున్నటి గుడ్డ మీద తట్టండి. పొడి రాలితే పోగు పెళుసుబారింది.

ఎనిమిదో అడుగు: పూత, కుట్టు

వెనక పూత ఉన్న గుడ్డను పూత బయటికి వచ్చేలా మడిచి, మడత మీద వేళ్లతో గట్టిగా నొక్కండి. సన్నటి పగుళ్లు కనిపిస్తే పూత గట్టిపడుతోందని అర్థం. పీవీసీ పూసిన వల గుడ్డల్లో జిగట పుట్టిందేమో, పసుపు తిరిగిందేమో చూడండి. పైన నాలుగు నీటి చుక్కలు వేసి, చీకటి ముక్క మీద ఎలా నిలిచాయో దీని మీద ఎలా నిలిచాయో గమనించండి. నీరు ఇంకుతోందని గుడ్డను తిరస్కరించకండి. నీటిని జార్చే పూత ఎండకు, ఉతుకులకు అరిగిపోవడం మామూలే, స్ప్రే చేసి మళ్లీ తెప్పించుకోవచ్చు.

కుట్టు ముక్క దగ్గర మాత్రం తీరిగ్గా ఆగండి. బాగున్న గుడ్డ, విడిపోయిన కుట్టు అన్న జంట ఆరుబయటి కుషన్లలో తరచు కనిపిస్తుంది. గుడ్డ రంగు నూలు లోపలి దాకా ఉన్నా, పైకి తేలి ఉండే కుట్టు దారం సన్నగా ఉంటుంది, రోజంతా ఎండకు ఎదురుగా ఉంటుంది. కుట్టుకు అటూ ఇటూ పట్టుకుని లాగండి. గుడ్డ చిరగకముందే దారం పుటుక్కుమంటే దారం మార్చాలి. కాటన్ దారం ఈ పనికి పనికిరాదు, నైలాన్ కూడా ఎండకు బలం కోల్పోతుంది. ఎండకు తట్టుకునేలా చేసిన పాలియెస్టర్ దారం నయం. పీటీఎఫ్‌ఈ (టెఫ్లాన్ రకం) దారం ఎండకు దాదాపు చెక్కుచెదరదు, ఖరీదు ఎక్కువ, కుట్టేవాళ్లు కాస్త విసుక్కుంటారు.

తొమ్మిదో అడుగు: నిర్ణయం, ఆ తర్వాత

రంగు, బలం రెండూ నిలిస్తే ఆలోచించేదేముంది. బలం నిలిచి రంగు తగ్గితే ఆ గుడ్డను కుషన్ అడుగువైపుకో, వరండా నీడలో ఉండే కుర్చీలకో వాడవచ్చు, లేదా అదే గుడ్డలో లేత రంగు ముక్క తెప్పించి మళ్లీ పలకెక్కించవచ్చు. రంగు నిలిచి బలం తగ్గితే వదిలేయండి.

ఈ పన్నెండు వారాల్ని చూసి ‘అయిదేళ్లు ఉంటుంది’ అని ఎవరికీ మాట ఇవ్వకండి. ప్రయోగశాల గంటల్ని కూడా ఏళ్లలోకి మార్చే స్థిరమైన లెక్క లేదు. దీపం తీవ్రత, ఫిల్టర్, వేడి, తడి, మీ ఊరి ఎండ అన్నీ అందులో కలిసి ఉంటాయి. ఈ పరీక్షతో చెప్పగలిగేది ఏ గుడ్డ దేనికంటే మెరుగు అన్నది. కొనడానికి అది సరిపోతుంది. హోటల్‌కో, పెద్ద కాంప్లెక్సుకో వందల మీటర్లు తీసుకుంటుంటే మాత్రం ల్యాబుకు పంపండి. రంగు గ్రేడు ఒక్కటే కాకుండా, మధ్యమధ్య విరామాల్లో ఎంత బలం మిగిలిందో కూడా రిపోర్టులో రాయమని ముందే అడగండి.

గుడ్డ థాను చేతికి వచ్చాక, శాంపిల్‌గా ఇచ్చిన ముక్కను దాని పక్కన పెట్టి పగటి వెలుతురులో చూడండి. ఒక్కో దఫా సరుకులో ఛాయ కొంచెం మారుతుంది. ఆ థాను నుంచే రెండు ముక్కలు తీసి, ఒకటి బిల్లుతో పాటు కవరులో దాచండి, రెండోది పాత పలక మీదే ఎండలో వదిలేయండి. వారంటీ కాగితంలో రంగుతో పాటు బలం కూడా రాసి ఉందా, గుడ్డ మార్చి ఇస్తే కుట్టుకూలి ఎవరిదో కొనే రోజే చదువుకోండి. రేపు గుడ్డ వెలిసిందని అడగాల్సి వస్తే, కవరులోని ఆ ముక్కనే ముందుగా చూపించాల్సి ఉంటుంది.